తప్పిపోయిన మా బావని వెతికి తెచ్చిన వాలంటీర్ రెస్క్యూ టీమ్ గురించి

5 స్టార్లు, ముందే చెప్పేస్తున్నా. కాకపోతే మొదటి గంట వాళ్ళని మనసులో తిట్టుకున్న తిట్లు అన్నీ ఇన్నీ కావు.

ట్రెక్‌లో మా బావ "మీరు నడుస్తుండండి, నేను అడ్డదారిలో వచ్చేస్తా" అని చెట్లలోకి దూరాడు, చీకటి పడినా రాలేదు, మేం రెండు గంటలు గొంతు చించుకుని అరిచి, ఆ చుట్టుపక్కల అంతా తొక్కేసి, ఇక లాభం లేదని అప్పుడు ఫోన్ చేశాం. తప్పు మాదే, వెంటనే చెయ్యాల్సింది, పైగా అడుగుజాడలు కూడా మేమే చెరిపేశాం.

టీమ్ రాగానే పరిగెత్తుతారనుకుంటే ఒకావిడ నా పక్కన కూర్చుని కాగితం తీసింది. ఆఖరిసారి సరిగ్గా ఎక్కడ చూశారు, జాకెట్ ఏ రంగు, మందులేమైనా వాడతారా, దారి తప్పితే కూర్చునే మనిషా నడిచే మనిషా, "మీ బావగారి షూ అడుగు ఎలా ఉంటుందండీ?" అక్కడ మనిషి చలికి వణుకుతుంటే ఇక్కడ అప్లికేషన్ నింపుతారేంటి అని ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, అప్పటికే ముగ్గురు తేలిక బ్యాగులతో దారి పట్టుకుని పైకి వెళ్ళిపోయారని, నేనే గమనించలేదు. షూ అంటే గుర్తొచ్చింది, పొద్దున బావ రాయి మీద కాలు మీద కాలేసుకుని మహారాజులా దిగిన ఫోటో. అందరం నవ్వాం దానికి. ఆవిడ దాన్నే జూమ్ చేసి సోల్ మీది గీతలు కాగితం మీద గీసుకుంది. వాగు పక్క బురదలో సరిగ్గా అదే అచ్చు దొరికింది!!

అక్కణ్ణించి విజిల్ ఊదడం, ఊది అందరూ ఒక్కసారిగా ఆగిపోయి చెవులు రిక్కించి వినడం. ఊదడం కన్నా ఆ ఆగడమే అసలు పని అంట. అర్ధరాత్రి దాటాక జవాబొచ్చింది, చీలమండ బెణికి గుంటలో ఉన్నాడు. తడి చొక్కా విప్పించి, పొడి బట్టలు వేసి, కింద మ్యాట్ పరిచి (నేల ఒంట్లో వేడి లాగేస్తుందంట) స్లీపింగ్ బ్యాగ్‌లో చుట్టేశారు. రెండు కిలోమీటర్లేగా, గంటలో దించేస్తారనుకున్నా. స్ట్రెచర్‌కి ఒకసారికి ఆరుగురు, కాసేపటికి చేతులు మారాలి, ఏటవాలు వస్తే తాడు కట్టి అంగుళం అంగుళం దించాలి, తెల్లారిపోయింది.

ఒక్క కంప్లైంట్ మాత్రం ఉంది. రేడియోలో తప్పిపోయిన మనిషిని "సబ్జెక్ట్" అంటారు, "సబ్జెక్ట్ దొరికాడు" అని వినపడ్డాక బతికున్నాడా లేదా అని మాకెవరూ చెప్పని ఆ ఐదు నిమిషాలు మా అక్క నా చెయ్యి గోళ్ళతో రక్కేసింది. ఇంటివాళ్ళ పక్కన ఒక మనిషిని పెట్టండి ప్లీజ్.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఒకాయన కార్లోనే చొక్కా మార్చుకుని నేరుగా డ్యూటీకి వెళ్ళిపోయాడు. బావ ఇప్పుడు ట్రెక్ అంటే ముందు రెండు షూలూ తిప్పి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడుతున్నాడు, అక్క దానికి లైక్ కూడా కొట్టట్లేదు.