పోస్ట్‌గ్రెస్ లార్జ్ ఆబ్జెక్ట్స్ రివ్యూ: పెద్ద ఫైళ్లు డేటాబేస్‌లోంచే బ్రౌజర్‌కు పంపొచ్చా?

హనుమకొండలో డయాగ్నస్టిక్ సెంటర్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే పని ఇది. సీటీ స్కాన్ డైకామ్ (స్కాన్ బొమ్మల ఫార్మాట్) ఫైళ్లన్నీ జిప్ చేస్తే 300 ఎంబీ అయిందనుకుందాం. పేషెంట్ ఏటూరునాగారం పోయాక ఫోన్‌లో లింక్ నొక్కుతాడు. తాడ్వాయి అడవి దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆ జిప్‌ను పేషెంట్ రికార్డు ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనే పెట్టి, అక్కడి నుంచే పంపొచ్చా? పంపొచ్చు. అందుకు పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద ఫైళ్లు దాచే సదుపాయమైన లార్జ్ ఆబ్జెక్ట్స్ గట్టి సరుకే. కాకపోతే డాక్యుమెంటేషన్‌లో ముందుగా కనిపించే పద్ధతిలో వాడితే మాత్రం సర్వర్ నిలబడదు.

ముందు బైటియా కాలమ్ సంగతి, అంటే ఫైలు బైట్లను మామూలు టేబుల్ కాలమ్‌లోనే దాచే పద్ధతి. చిన్న రిపోర్టు పీడీఎఫ్‌లకు అదే మేలు, ఇంకేం ఆలోచించనక్కర్లేదు. ఒక విలువకు హద్దు 1 జీబీ. కానీ మామూలు సెలెక్ట్ రాస్తే విలువ మొత్తం ఒక్కసారే సర్వర్ మెమరీలోకి, ఆ తర్వాత యాప్ మెమరీలోకి ఎక్కుతుంది. డ్రైవర్ టెక్స్ట్ రూపంలో తెచ్చుకుంటే ప్రతి బైటూ రెండు హెక్స్ అక్షరాలవుతుంది కాబట్టి 300 ఎంబీ ఫైలు 600 ఎంబీ అవుతుంది. నలుగురు ఒకేసారి డౌన్‌లోడ్ నొక్కితే 4 జీబీ సర్వర్ ఊపిరాడక పడిపోతుంది.

లార్జ్ ఆబ్జెక్ట్ అలా కాదు. డేటాను 2 కేబీ పేజీలుగా కోసి పీజీ_లార్జ్‌ఆబ్జెక్ట్ అనే సిస్టమ్ టేబుల్‌లో దాస్తుంది. 9.3 వెర్షన్ నుంచి ఒక్కో ఆబ్జెక్ట్ 4 టీబీ దాకా ఉండొచ్చు. అసలు బలం ఏమిటంటే, ఫైలు మధ్యలో ఎక్కడినుంచైనా కావలసినన్ని బైట్లే చదవొచ్చు.

చెడేదంతా చదివే తీరులోనే. ఎల్‌ఓ_ఓపెన్ ఫంక్షన్‌తో తెరిచిన డిస్క్రిప్టర్ (తెరిచిన ఆబ్జెక్ట్‌ను గుర్తించే అంకె) ఆ ట్రాన్సాక్షన్ (మొదలు నుంచి కమిట్ దాకా సాగే పని) ఉన్నంతసేపే బతుకుతుంది. అందుకే చాలామంది ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, తెరిచి, చదువుతూ బ్రౌజర్‌కు రాస్తూ, ఫైలు అయిపోయాక కమిట్ చేస్తారు. లెక్క వేయండి: 2 ఎంబీపీఎస్ లైన్ మీద 300 ఎంబీ దిగడానికి దాదాపు 20 నిమిషాలు. అంతసేపూ ఒక కనెక్షన్ ఒక్క పేషెంట్‌కే అంకితం. ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చో చెప్పే మ్యాక్స్_కనెక్షన్స్ డిఫాల్ట్ 100. మేడారం జాతర రోజుల్లో నెట్‌వర్క్ కిక్కిరిసిపోతే ఆ 20 నిమిషాలు గంటవుతాయి, కౌంటర్‌లో బిల్లు కొట్టే అమ్మాయికి కనెక్షన్ దొరకదు. పైగా అంతసేపు తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ పాత స్నాప్‌షాట్‌ను (డేటా అప్పటి రూపాన్ని) పట్టుకుని కూర్చుంటే, ఆ తర్వాత చచ్చిన వరుసలను వ్యాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్ శుభ్రం చేసుకునే పని) ఊడ్చలేదు. పనిలేకుండా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ను తెంచే ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమ్‌అవుట్ పెడితే, ఫోన్ నెమ్మదిగా తీసుకుంటున్నప్పుడు డౌన్‌లోడే మధ్యలో తెగుతుంది.

దీనికి మందు 9.4లో వచ్చిన ఎల్‌ఓ_గెట్. ఓఐడీ (ఆబ్జెక్ట్ గుర్తింపు అంకె), ఎక్కడినుంచి, ఎన్ని బైట్లు అని మూడూ ఇస్తే ఆ ముక్క మాత్రమే వస్తుంది. డిస్క్రిప్టర్ లేదు, పట్టుకుని ఉండాల్సిన ట్రాన్సాక్షన్ లేదు. పూల్ (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) నుంచి కనెక్షన్ తీసుకోవాలి, 256 కేబీ చదవాలి, వెంటనే తిరిగి ఇచ్చేయాలి, ఆ తర్వాతే బ్రౌజర్‌కు రాయాలి. 300 ఎంబీకి ఇలా 1,200 చదువులు అవుతాయి. ఎక్కువ అనిపిస్తుంది కానీ ఒక్కో చదువు అయిపోగానే కనెక్షన్ ఖాళీ. 256 కేబీ అంటే సరిగ్గా 128 పేజీలు. 2,048తో భాగించబడే సైజు పెట్టుకుంటే పేజీలు సగంసగం చదవాల్సిన పని ఉండదు. ఫలితాన్ని బైనరీ రూపంలోనే అడగండి, లేకుంటే ఇక్కడా హెక్స్ రెట్టింపు తప్పదు.

ఒక్క షరతు. ముక్కలు వేర్వేరు ట్రాన్సాక్షన్లలో వస్తాయి కాబట్టి మధ్యలో ఎవరైనా అదే ఆబ్జెక్ట్‌ను మారిస్తే పాత సగం, కొత్త సగం కలిసిన జిప్ పేషెంట్ చేతికి పోతుంది. స్కాన్ విషయంలో ఇది ఎంతమాత్రం ఒప్పుకోదగ్గది కాదు. కాబట్టి ఒకసారి ఎక్కించిన ఆబ్జెక్ట్‌ను ముట్టుకోవద్దు. సవరణ ఉంటే కొత్త ఓఐడీతో ఎక్కించి, రికార్డులో ఓఐడీ మార్చండి. సైజు, ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలు వేలిముద్ర లాంటి విలువ), కంటెంట్ టైప్ మీ టేబుల్‌లోనే కాలమ్‌లుగా ఉంచుకోండి.

అవి ఉంటే రేంజ్ రిక్వెస్టులు (ఫైలులో ఒక భాగమే అడగడం) దాదాపు ఉచితంగా వస్తాయి, ఈ సదుపాయానికి మేం ఎక్కువ మార్కులు ఇచ్చేది ఇక్కడే. యాక్సెప్ట్-రేంజెస్ హెడర్ పంపండి, ఎస్‌హెచ్‌ఏ విలువనే ఈట్యాగ్ (ఫైలు మారిందో లేదో చెప్పే హెడర్) చేయండి. సిగ్నల్ పోయి వచ్చాక బ్రౌజర్ 180 ఎంబీ దగ్గర నుంచి అడిగితే, ఆ ఆఫ్‌సెట్ నేరుగా ఎల్‌ఓ_గెట్‌కు ఇచ్చి 206 (ఇది ఫైలులో ఒక భాగం అని చెప్పే కోడ్) తో జవాబు పంపడమే. ఫైలు సైజు దాటి అడిగితే 416 (ఆ భాగం లేదు) పంపాలి. ఎకో వీడియోలు చూపించేవాళ్లకు ఇది తప్పనిసరి: ఐఫోన్ సఫారీ ముందు మొదటి 2 బైట్లే అడిగి చూస్తుంది, 206 రాకపోతే వీడియో ఆడదు. ఈ దారిలో జీజిప్ (పంపేముందు కుదించడం) ఆపేయండి. యాప్ ముందు ఉండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ జీజిప్ చేస్తే ఈట్యాగ్‌ను బలహీన రకంగా మారుస్తుంది, ఇఫ్-రేంజ్ (ఫైలు మారకపోతేనే ఆ భాగం ఇవ్వమనే హెడర్) దానిని ఒప్పుకోదు, డౌన్‌లోడ్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

ఎన్‌జిన్‌ఎక్స్‌తోనే ఇంకో చిక్కు. ఫోన్ నెమ్మదిగా ఉన్నా అది వెనక నుంచి వచ్చిందంతా తీసుకుని, ఒక్కో జవాబుకు 1 జీబీ దాకా డిస్క్‌లో తాత్కాలిక ఫైలు రాసుకుంటుంది. ప్రాక్సీ_మ్యాక్స్_టెంప్_ఫైల్_సైజ్ 0 చేస్తే ఆ ఫైలు ఉండదు, ఆగి పంపమనే ఒత్తిడి యాప్ దాకా వస్తుంది. యాప్ నోడ్‌లో (సర్వర్‌లో నడిచే జావాస్క్రిప్ట్) రాసి ఉంటే, రైట్ ఫంక్షన్ ఫాల్స్ అన్నప్పుడు డ్రెయిన్ ఈవెంట్ వచ్చేదాకా తర్వాతి ముక్క చదవొద్దు. పేషెంట్ ట్యాబ్ మూసేస్తే క్లోజ్ ఈవెంట్ పట్టుకుని చదవడం ఆపండి.

తొలగింపు ఈ సరుకులో బలహీనమైన భాగం. మీ టేబుల్‌లో వరుస డిలీట్ చేస్తే ఓఐడీ అంకె మాత్రమే పోతుంది, 300 ఎంబీ అలాగే ఉంటుంది. వరుసతో పాటు ఆబ్జెక్ట్‌ను కూడా తుడిచే ట్రిగ్గర్, ఎల్‌ఓ ఎక్స్‌టెన్షన్‌లోని ఎల్‌ఓ_మేనేజ్ పెట్టాలి. ట్రంకేట్, డ్రాప్ టేబుల్‌లకు ఆ ట్రిగ్గర్ పేలదు కాబట్టి అనాథ ఆబ్జెక్ట్‌లను తుడిచే వ్యాక్యూమ్‌ఎల్‌ఓ కూడా అప్పుడప్పుడు నడపాలి. అది ఓఐడీ లేదా ఎల్‌ఓ రకం కాలమ్‌లనే వెతుకుతుంది. ఓఐడీని బిగ్‌ఇంట్ కాలమ్‌లో దాచి ఉంటే, వాడుకలో ఉన్న స్కాన్లనే అనాథలనుకుని తుడిచేస్తుంది. ఇది చదివిన వెంటనే మీ టేబుల్ ఒకసారి చూసుకోండి.

లాజికల్ రెప్లికేషన్ (టేబుల్ మార్పులను ఇంకో డేటాబేస్‌కు పంపడం) మీద ఆధారపడ్డవాళ్లు దీని జోలికి రావొద్దు, లార్జ్ ఆబ్జెక్ట్స్ అందులో వెళ్లవు. డేటా టీబీలలోకి పోయే పెద్ద ఆసుపత్రులకు కూడా ఫైల్ సిస్టమో, ఫైళ్లు దాచడానికే ఉండే ఆబ్జెక్ట్ స్టోరో నయం. ఒకటి రెండు స్కానర్లున్న సెంటర్‌కు మాత్రం రికార్డు, ఫైలు ఒకే బ్యాకప్‌లో ఉండటం పెద్ద ఊరట. ఆ బ్యాకప్ పీజీ_డంప్‌తో తీస్తున్నారా? డేటాబేస్ మొత్తం తీస్తే లార్జ్ ఆబ్జెక్ట్స్ వాటంతటవే వస్తాయి. హైఫన్ టీతో (-t) ఒక్క టేబుల్ తీస్తే రావు, హైఫన్ బీ (-b, చిన్న అక్షరం) కూడా జోడించాలి.