అద్దె సినిమాల షాపులో కొన్న బ్లూరే ప్లేయర్: గీతల డిస్కులకు దండం, ట్రే బెల్టుకు తిట్లు

గీతలు పడ్డ డిస్కు పెడితే ఆగకుండా ఆడుతుందా, లేదా? ప్లేయర్ కొనే రోజు ఈ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. పదేళ్లు దాటాక మాత్రం ఇదొక్కటే మిగులుతుంది. వేరే ప్లేయర్లు "డిస్కు లేదు" అని మొండికేసిన వాటిని కూడా ఈ పెట్టె లోపలికి తీసుకుని, రెండు మూడు సార్లు తడుముకుని, ఆడించేస్తుంది. అందుకే ఇప్పటికీ టీవీ కింద దాని చోటు దానికుంది. 1080పీ, డాల్బీ, హెచ్‌డీఎంఐ లాంటివి ఆనాటి ప్లేయర్లన్నిటికీ ఉన్నవే, వదిలేస్తున్నాను. బ్రాండు పేరు కూడా చెప్పను. ఇలాంటి ట్రే, ఇలాంటి బెల్టు చాలా బ్రాండ్ల పెట్టెల్లో ఉన్నాయి, కాబట్టి కింద రాసింది చాలామందికి పనికొస్తుంది.

ఇది కొన్నది ఎలక్ట్రానిక్స్ షాపులో కాదు, అమెరికాలో సినిమాలు అద్దెకిచ్చే ఒక పెద్ద చెయిన్‌లో. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది గానీ 2008-10 మధ్య అద్దె షాపులు ఆ దారే వెతికాయి. బ్లాక్‌బస్టర్ సంగతే చూడండి. అంతకు ముందే 2001లో రేడియోషాక్ అనే ఎలక్ట్రానిక్స్ చెయిన్‌తో కలిసి కొన్ని షాపుల్లో ఎలక్ట్రానిక్స్ మూల పెట్టి చూసి మానేసింది. 2008 ఏప్రిల్‌లో సర్క్యూట్ సిటీ అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ చెయిన్‌ను మొత్తంగా కొంటానని వంద కోట్ల డాలర్ల పైచిలుకు బేరం బయటపెట్టి, జులైలో వెనక్కి తగ్గింది. ఆ నవంబరులో సర్క్యూట్ సిటీ దివాలా పిటిషన్ వేసింది, 2009 మార్చికల్లా షాపులన్నీ మూసేసింది. అదే నవంబరులో బ్లాక్‌బస్టర్, టూవైర్ కంపెనీ చేసిన, నెట్ నుంచి సినిమాలు దింపుకునే మీడియాపాయింట్ అనే పెట్టెను 25 అద్దె సినిమాలతో కలిపి 99 డాలర్లకు పెట్టింది. 2010 సెప్టెంబరులో తనూ దివాలాకే వెళ్లింది.

లెక్క కుదరకపోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అద్దె డిస్కు ఒకటే వారం వారం డబ్బు తెస్తుంది. ప్లేయర్ ఒక్కసారే అమ్ముడుపోతుంది, అది కూడా వాల్‌మార్ట్ రేటుకు దిగితేనే. కౌంటర్లో కుర్రాడికి ఏ సినిమా ఎక్కడుందో తెలుసు, హెచ్‌డీఎంఐ కేబులు గురించి అడిగితే పెట్టె తిప్పి మనతో పాటే చదువుతాడు. కొనేవాళ్లకు దక్కిన లాభం ఒకటే: షాపు సర్దుకునే ముందు అరలు ఖాళీ చేయడానికి తగ్గించిన రేటు.

నష్టం వారంటీ కాగితంలో ఉంది. అదనపు డబ్బు కట్టించుకుని ఇచ్చిన పొడిగింపు వారంటీ మీద షాపు పేరు మాత్రమే ఉంటే, షాపు మూతపడిన రోజున ఆ కాగితం వంటింట్లో పొట్లం కట్టుకోవడానికి తప్ప దేనికీ రాదు. మాకు ఇచ్చింది అలాంటిదే. వేరే బీమా కంపెనీ పేరు, క్లెయిమ్ నంబరు రాసి ఉంటే పరవాలేదు. అంగడి కష్టాల్లో ఉందని తెలిసి కొనేటప్పుడు తయారీదారు వారంటీ ఎంతకాలమో చూసుకుని, మిగతాది వద్దనడమే మంచిది.

ఇక గీతల సంగతి. డీవీడీలో డేటా పొర డిస్కు మందం మధ్యలో, లేజరు పడే వైపు నుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. మధ్య నుంచి అంచుకు అడ్డంగా పడ్డ గీత ట్రాకును కొంచెం కొంచెమే కోస్తుంది, దిద్దుబాటు కోడ్ దాన్ని పూడ్చేస్తుంది. సుమారు ఆరు మిల్లీమీటర్ల వరకు వరసగా పోయినా లెక్కగట్టి తిరిగి రాబట్టుకోగలదు. గుండ్రంగా, ట్రాకు వెంబడే పడ్డ గీత సన్నగా ఉన్నా ప్రమాదమే, వరసగా చాలా డేటా మింగేస్తుంది. అందుకే డిస్కు తుడిస్తే మధ్య నుంచి బయటికి నిలువుగా తుడవాలి, చపాతీ పిండి కలిపినట్టు గుండ్రంగా రుద్దకూడదు.

అద్దె షాపుల పాత డిస్కుల్లో ఇంకో జబ్బు స్టిక్కర్లు. సగం ఊడిన స్టిక్కరుంటే తిరిగేటప్పుడు బరువు ఒకవైపు లాగి, డిస్కు ఊగి, ప్లేయర్ గుర్రుమంటుంది. డీవీడీ, బ్లూరేల మీదైతే హెయిర్ డ్రయ్యరుతో గోరువెచ్చగా చేసి మొత్తం లాగేయొచ్చు. సీడీ, వీసీడీల మీద మాత్రం లాగొద్దు. వాటి డేటా లేబుల్ కిందే ఉంటుంది, స్టిక్కరుతో పాటు ఊడొస్తుంది. లైటుకు అడ్డంగా పట్టుకుంటే చిన్న చిన్న రంధ్రాలు కనిపించాయా, ఆ డిస్కు సంగతి మర్చిపోండి.

పైన పొగిడింది డీవీడీలకే. బ్లూరేకి అంత ధైర్యంగా చెప్పలేను. బ్లూరేలో డేటా పొర లేజరు పడే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. దాన్ని కాపాడటానికి పైన గట్టి పూత వేస్తారు, మామూలు గీతలు పడవు. పడితే మాత్రం లోతుకే వెళ్తాయి. డీవీడీని షాపు మెషీన్‌లో పాలిష్ పట్టించినట్టు దీన్ని పట్టిస్తే ఆ పూతే పోతుంది. టూత్‌పేస్టు చిట్కా అసలు వద్దు. లెన్సు కూడా డిస్కుకు బాగా దగ్గరగా పని చేస్తుంది కాబట్టి దుమ్ముకు ముందు లొంగేది బ్లూరేనే. బ్లూరేకి 405 నానోమీటర్ల నీలి లేజరు, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజరు, రెండూ వేరు. డీవీడీలు బాగా ఆడుతూ బ్లూరేలు మాత్రమే ఆగిపోతుంటే లెన్సు దుమ్ము, లేకపోతే నీలి లేజరు నీరసం. మెత్తటి పొడి బ్రష్షుతో ఒకసారి తుడిచి చూడండి. దానికీ లొంగకపోతే లేజరు మార్చే ఖర్చుకు ఇంకో ప్లేయరే వస్తుంది.

ఇప్పుడు అసలు తిట్లు. ఈ ప్లేయర్‌కు వచ్చిన పెద్ద జబ్బు ఒక్కటే, ట్రే బయటికి రాకపోవడం. ఓపెన్ నొక్కితే స్క్రీన్ మీద "ఓపెన్" అని పడుతుంది, లోపల మోటారు రెండు సెకన్లు మూలుగుతుంది, మళ్లీ "క్లోజ్". పది సార్లలో ఒకసారి వస్తుంది, వారం పోయాక అదీ రాదు. చాలామంది మోటారు పోయిందనుకుని పెట్టె పారేస్తారు. తప్పు చిన్న రబ్బరు బెల్టుది. చదరంగా ఉండే ఆ బెల్టు మందం మిల్లీమీటరు పైచిలుకు, మోటారు కప్పీ నుంచి పెద్ద గేరు కప్పీకి వెళ్తుంది. ఏళ్ల తరబడి సాగి, పైన గాజులా నున్నబడి, కప్పీ మీద జారిపోతుంది.

ఒక విచిత్రం గమనించండి. ట్రే ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ మొరాయిస్తుంది, లోపల డిస్కుంటే తేలిగ్గా తెరుచుకుంటుంది. డిస్కును పైనుంచి అదిమిపట్టే బిళ్లలో అయస్కాంతం ఉంటుంది. డిస్కు లేకపోతే అది కింద తిరిగే బొడ్డుకు నేరుగా అతుక్కుంటుంది. మధ్యలో డిస్కు మందం ఉంటే ఆ పట్టు తగ్గుతుంది. ట్రే తెరుచుకునేటప్పుడు మోటారు చేయాల్సిన మొదటి పని ఈ పట్టు విడిపించడమే, నీరసపడ్డ బెల్టు జారేది అక్కడే. కాబట్టి బెల్టు తెప్పించేదాకా పాత డిస్కు ఏదో ఒకటి లోపల పెట్టి ఉంచితే పని గడుస్తుంది.

మార్చే పద్ధతి ఇది. వీలైతే ముందు ట్రే బయటికి తెప్పించి, అలా ఉండగానే ప్లగ్గు పీకండి. కాసేపు ఆగండి. పవర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్‌లో అమెరికా 120 వోల్టుల సప్లైకి సుమారు 170 వోల్టులు, మన 230 మీద అయితే 325 దాకా నిలిచి ఉంటాయి. ఆ బోర్డు వైపు చెయ్యి పెట్టొద్దు. ట్రే ముందున్న ప్లాస్టిక్ పలకను పైకి జరిపి తీసేయాలి, లేకపోతే ముందు ప్యానెల్ రాదు. పై మూత స్క్రూలు మా దాంట్లో వెనక మూడు, పక్కలకు ఒక్కోటి. ముందు ప్యానెల్‌కు వెళ్లే పల్చటి రిబ్బన్ కేబులు లాగితే తెగుతుంది, దాని గొళ్లెం వదులు చేసి తీయాలి. లేజరు స్టాటిక్‌కు సున్నితం, ముందుగా ఇనుప ఛాసిస్‌ను ఒకసారి ముట్టుకోండి.

ట్రే మొరాయించి లోపలే ఉంటే, మెకానిజం కింద కనిపించే పళ్ల గేరును స్క్రూడ్రైవరుతో మెల్లగా తిప్పితే బయటికొస్తుంది. పక్కలనున్న రెండు గొళ్లేలు నొక్కి ట్రేని పూర్తిగా లాగేస్తే, దాని కిందే ముందు భాగంలో బెల్టు కనిపిస్తుంది. పన్నుపుల్లతో ఎత్తండి. ఇనుప చిమటా వాడితే కప్పీ గీసుకుపోతుంది. రెండు కప్పీలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి, దూదికి నలుపు అంటడం ఆగేదాకా. కొత్త బెల్టు సైజుకు పాతదాన్ని కోసి, నిటారుగా పెట్టి పొడవు కొలిచి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. పాతది సాగి ఉంటుంది కాబట్టి నూటికి ఐదు వంతులు తక్కువది తీసుకోవాలి. మరీ బిగుతుది వేస్తే మోటారు బేరింగు అరుగుతుంది. కొత్త బెల్టును జిడ్డు వేళ్లతో ముట్టుకోవద్దు.

తిరిగి బిగించేటప్పుడు చాలామంది బోల్తాపడేది ఒకచోట. లేజరు దిమ్మెను పైకీ కిందికీ కదిపే జారుడు పట్టీ ఒకటుంటుంది, అది "ట్రే బయట" స్థానానికి పూర్తిగా జరిగాకే ట్రేని దూర్చాలి. లేకపోతే పళ్లు ఒకటి తేడాగా పడి, ట్రే లోపలికి వెళ్లినట్టే వెళ్లి సగంలో నిలబడుతుంది. మూత పెట్టే ముందే చేత్తో గేరు తిప్పి చూసుకుంటే రెండోసారి విప్పే పని ఉండదు. కొత్త బెల్టు దొరకకపోతే పాతదాన్ని మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి ఆరబెట్టి వేయొచ్చు. కొన్ని వారాలు నడుస్తుంది, అంతకన్నా ఆశ పెట్టుకోవద్దు.

రిమోట్ మీద ఆన్‌లైన్ అద్దె బటన్ ఒకటుంది. నొక్కితే "సర్వరు దొరకలేదు" అంటుంది, ఎప్పటికీ అంతే. సినిమా తెరిచే అనుమతి ప్రతిసారీ సర్వరు నుంచి రావాలి, సర్వరు పోతే బటన్ ఉత్తి ప్లాస్టిక్. ఇది మొదటిసారి కూడా కాదు. ఆ సర్క్యూట్ సిటీయే 1998లో డివ్‌ఎక్స్ అనే డిస్కు తెచ్చింది. నాలుగున్నర డాలర్లు, మొదటిసారి వేసినప్పటి నుంచి 48 గంటలు, ప్లేయర్‌కు ఫోన్ లైను తగిలించాలి. 1999 జూన్‌లో ఆపేశారు, 2001 జూన్ తర్వాత ఆ డిస్కులు ఆడలేదు.

ఈ సర్వర్ల పీడ డిస్కులకూ తగులుతుంది. కొన్ని బ్లూరేలు "లోడింగ్" దగ్గరే తిరుగుతుంటే నెట్ కేబులు పీకి, మెనూలో బీడీ-లైవ్ (డిస్కు నెట్‌కు వెళ్లే సౌకర్యం) ఆపేసి, అది దాచుకున్న బీడీ డేటా చెరిపేసి మళ్లీ పెట్టండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మిగతా వాటికి కొత్త ఫర్మ్‌వేర్ (ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్) కావాలి. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన చిన్న పెన్‌డ్రైవులో, తయారీదారు చెప్పిన పేరుతోనే పెట్టాలి. కొత్త ఫైలు రావడం ఆగిపోయిన మోడల్‌లో కొత్త డిస్కులు ఆడతాయని హామీ లేదు.

అనుకోకుండా కలిసొచ్చింది వెనకనున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం సాకెట్లు, అంటే కాంపొనెంట్. 2010 చివరి తర్వాత తయారైన ప్లేయర్లు రక్షణ ఉన్న బ్లూరేను అనలాగ్ దారిలో మామూలు నాణ్యతకు తగ్గించే ఇవ్వాలని నిబంధన వచ్చింది. ఇది అంతకు ముందుది, కాంపొనెంట్ మీద కూడా హెచ్‌డీ (1080ఐ) ఇస్తుంది. హెచ్‌డీఎంఐ లేని పాత ప్రొజెక్టరు ఉన్నవాళ్లకే దీని విలువ తెలుస్తుంది.

తెలుగు డిస్కుల సంగతి. ఇక్కడ అమెరికాలో ఇండియన్ స్టోర్లలో బియ్యం బస్తాల పక్కన అద్దెకిచ్చిన తెలుగు డీవీడీలు ఎక్కువగా రీజియన్ జీరో (ఏ దేశపు ప్లేయర్‌లోనైనా ఆడేవి), ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి). అవి హాయిగా ఆడతాయి. ఇండియా నుంచి తెచ్చినవాటి అట్ట వెనక "పాల్" (ఇండియా టీవీ పద్ధతి) అని ఉంటే ఇది నిరాకరిస్తుంది. మోజర్ బేర్ 28 రూపాయలకు అమ్మిన రోజుల నుంచి ఇంట్లో పేరుకున్న వీసీడీలను అసలు గుర్తే పట్టదు. వాటి కోసం పాత డీవీడీ ప్లేయర్ అట్టే ఉంచుకోవాల్సిందే.

కాబట్టి డీవీడీలు అలమారా నిండా ఉండి, స్క్రూడ్రైవరు పట్టడానికి భయపడని ఇంటికైతే ఇలాంటి పాత పెట్టె తీసుకోమంటాను. కొత్త బ్లూరేలే చూసేవాళ్లకు వద్దంటాను. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ట్రేని ఖాళీగా మూసి, ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్లీ పెట్టి తెరిచి చూడండి. గీతలున్న రెండు పొరల డీవీడీ ఒకటి తీసుకెళ్లి, సగం దాటాక పొర మారేచోట ఆగుతుందేమో చూడండి. రిమోట్ లేకుండా మాత్రం అస్సలు కొనొద్దు. ముందు ప్యానెల్ మీద మెనూ బటన్లు లేవు, బీడీ-లైవ్ ఆపాలన్నా, కాంపొనెంట్‌కు మార్చాలన్నా రిమోటే దిక్కు.