పీవీ గ్రాఫుల ‘పూర్తి ప్యాకేజీ’ కొనబోతున్న తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక

తిరుపతిలో ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళకు ఆ పసుపు అట్ట పుస్తకాల సంగతి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉష్ణగతిక శాస్త్రం (వేడికీ పనికీ ఉన్న సంబంధం) అనే ఒక్క అధ్యాయానికే ఒక పుస్తకం, పెన్‌డ్రైవ్‌లో పాఠాలు, ‘పీవీ గ్రాఫులన్నీ ఒక్క వారంలో’ అన్న హామీ, అన్నీ కలిపి 2,800 రూపాయలు. మా అమ్మాయి మొదటి సంవత్సరంలో ఉంది. పీవీ గ్రాఫులంటే వాయువు పీడనం, ఘనపరిమాణం ఎలా మారుతున్నాయో చూపించే గీతలు; అవి కనబడితే చాలు, పేజీ తిప్పేస్తోంది. అందుకని ఆదివారం కొన్నాను. ఈరోజు బుధవారం. కోపం ఇంకా చల్లారకముందే రాస్తున్నాను కాబట్టి మాట ఎక్కడైనా ఘాటుగా ఉంటే మన్నించండి.

ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. నేను బి.ఎస్సీ.లో భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. బజారులో వంకాయ పుచ్చిందేమోనని తొడిమ దాకా తిప్పి చూసే మనిషిని, ఈ పుస్తకం మాత్రం దుకాణదారు చూపించిన నాలుగు పేజీలు చూసి కొనేశాను. ఆ నాలుగూ బాగానే ఉన్నాయి. ఐదో పేజీ తిప్పబోతే, “మిగతాది కొన్నాక చూసుకోండి సార్” అని నవ్వుతూ పుస్తకం మూసేశారు. జేమ్స్ వాట్, ఆయన సహాయకుడు జాన్ సదర్న్ 1796 ప్రాంతంలో ఆవిరి యంత్రం సిలిండర్‌లో పీడనం ఎలా మారుతోందో యంత్రం చేతనే ఇలాంటి గ్రాఫుగా కాగితం మీద గీయించే పరికరం తయారుచేసి, దాన్ని చాలాకాలం బయటివాళ్ళకు తెలియనివ్వలేదని చదువుకున్నాం. వాళ్ళు దాచినది పనికొచ్చే వస్తువు. ఈయన దాచినది ఐదో పేజీ.

ఆ ఐదో పేజీలో ఏముందంటే, పీవీ గ్రాఫును ఫ్రెంచి ఇంజినీరు కార్నో 1824లో గీశాడని ఉంది. కార్నో పుస్తకం ఆ సంవత్సరానిదే, కానీ ఆయన చెప్పిన చక్రాన్ని (వాయువు మొదలైన స్థితికే తిరిగొచ్చే ప్రక్రియను) పీడన-ఘనపరిమాణ రేఖలుగా గీసి చూపించినవాడు క్లపెరాన్, 1834లో. పరీక్షలో అడగరు కదా అని దాన్ని వదిలేశాను. వదిలేయకుండా ఆరోజే దుకాణానికి వెళ్ళి ఉంటే బాగుండేది.

సోమవారం రాత్రి పదకొండు దాటాక కూడా అమ్మాయి గదిలో లైటు వెలుగుతోంది. వెళ్ళి చూస్తే ఒకే లెక్కను ఐదోసారి చేస్తోంది; రబ్బరుతో చెరిపి చెరిపి నోటుబుక్కు కాగితం ఒకచోట చిరిగిపోయింది. “నాన్నా, నాకు ప్రతిసారీ 600 వస్తోంది, పుస్తకంలో 1,200 అని ఉంది, నాకు ఈ చాప్టర్ రాదు, వదిలేస్తా” అంది. లెక్క చాలా మామూలుది. గ్రాఫు మీద ఒక దీర్ఘచతురస్రం. వాయువు 3 లక్షల పాస్కల్‌ల స్థిర పీడనం వద్ద 1 లీటరు నుంచి 4 లీటర్లకు వ్యాకోచిస్తుంది, అక్కడ ఘనపరిమాణం మారకుండా పీడనం లక్షకు పడిపోతుంది, ఆ లక్ష పీడనం వద్దే మళ్ళీ 1 లీటరుకు కుంచించుకుపోయి, చివరికి నిలువుగా పైకి లేచి మొదలైన చోటికే చేరుతుంది. వ్యాకోచించేటప్పుడు వాయువు చేసిన పని 3,00,000ను పెరిగిన 3 లీటర్లతో, అంటే 0.003 ఘనపు మీటర్లతో గుణిస్తే 900 జౌళ్లు. తిరిగి వచ్చేటప్పుడు వాయువు మీద మనం చేసిన పని 300 జౌళ్లు. నిలువు గీతల వెంట ముషలకం (పిస్టన్) అంగుళమైనా కదలదు కాబట్టి అక్కడ పని సున్నా. 900 లోంచి 300 తీసేస్తే 600, అంటే ఆ నాలుగు గీతల మధ్య ఇరుక్కున్న వైశాల్యం. చక్రం గడియారం ముల్లు తిరిగే దిశలో ఉంది కాబట్టి ఆ 600 వాయువు మనకిచ్చిన పని. పుస్తకం రాసిన మహానుభావుడు 900కు 300 కలిపేశాడు. తీసుకున్న అప్పును కూడా జీతంలో కలిపి ఆదాయం చెప్పుకున్నట్టుంది.

అప్పుడు కూర్చుని పుస్తకమంతా చూశాను. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక మోల్ వాయువు సమోష్ణోగ్రత (ఉష్ణోగ్రత మారని) ప్రక్రియలో రెట్టింపు ఘనపరిమాణానికి వ్యాకోచిస్తే పని 156 జౌళ్లట. 27ను 300 కెల్విన్‌లుగా మార్చకుండా సూత్రంలో అలాగే పెట్టేశారు. సరైన జవాబు దాదాపు 1,729. ఇంకో పేజీలో సమోష్ణోగ్రత, స్థిరోష్ణక రేఖల పేర్లు తారుమారయ్యాయి. స్థిరోష్ణక వ్యాకోచంలో బయటి నుంచి వేడి అందదు, వాయువు తన అంతర్గత శక్తినే ఖర్చుపెట్టి చల్లబడుతుంది, అందుకే పీడనం గబగబా పడిపోయి ఆ రేఖ సమోష్ణోగ్రత రేఖకంటే గామా (వాయువు రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) రెట్లు నిటారుగా దిగుతుంది. గాలికైతే ఆ గామా 1.4. పుస్తకంలో నిటారు గీతకు సమోష్ణోగ్రత అని పేరు పెట్టారు. పేర్లు అచ్చులో తారుమారయ్యాయని సరిపెట్టుకుందామంటే, పెన్‌డ్రైవ్‌లోని పాఠంలో కూడా అదే చెబుతున్నారు, అదీ రెండుసార్లు.

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా దుకాణానికి వెళ్ళాను. ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. నేను మర్యాదగానే పేజీ తెరిచి, ఎర్ర సిరాతో చుట్టిన 1,200ను చూపించాను. ఆయన డబ్బు లెక్కపెట్టడం ఆపకుండానే, “సార్, కెమిస్ట్రీలో మైనస్, ఫిజిక్స్‌లో ప్లస్. అందుకే మేము రెండూ కలిపేసినాం” అన్నారు. ఈ మాటలో సగం నిజం ఉంది, దాంతోనే ఎదుటివాళ్ళు బోల్తా పడతారు. రసాయనశాస్త్రంలో వాయువు మీద జరిగిన పనిని ధనాత్మకంగా తీసుకుంటారు, భౌతికశాస్త్రంలో వాయువు చేసిన పనిని తీసుకుంటారు, కాబట్టి ఒకే ప్రక్రియకు రెండు తరగతుల్లో రెండు గుర్తులు వస్తాయి. కానీ ఏ పద్ధతి పట్టుకున్నా ఈ చక్రానికి జవాబు ప్లస్ 600 లేదా మైనస్ 600, ఏ శాస్త్రంలోనూ 1,200 కాదు. ఇదే చెప్పాను. “ఇన్నేండ్లుగా ఎంతమంది పిల్లోళ్ళు చదివినారు సార్, ఒక్కరూ అడగలేదు. మీకొక్కరికే వచ్చిందా ఈ అనుమానం?” అన్నారు.

అక్కడితో ఆగి వచ్చేయాల్సింది. కానీ నాలోని పాత విద్యార్థి ఊరుకోలేదు. పన్నెండో పేజీ తీసి, ‘మొదటి స్థితి, చివరి స్థితి ఒకటే అయితే ఏ దారిలో వెళ్ళినా పని మారదు’ అన్న వాక్యం చూపించి, అదే నిజమైతే మొదలైన చోటికే తిరిగొచ్చే చక్రంలో పని సున్నా కావాలి కదా, మరి మీ 1,200 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలన్న పిచ్చి ఆశతో కొండను కూడా ఉదాహరణకు తెచ్చాను. తిరుపతిలో బయలుదేరి తిరుమల చేరడానికి అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. చేరే ఎత్తు ఒకటే, ఎక్కిన మెట్ల లెక్క మాత్రం దారిని బట్టి మారుతుంది. అంతర్గత శక్తి ఆ ఎత్తులాంటిది, వాయువు చేసే పని ఆ మెట్ల లెక్కలాంటిది అన్నాను. (గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసే పని వేరే సంగతి, దయచేసి నన్ను పట్టుకోవద్దు, మెట్ల సంఖ్య వరకే నా పోలిక.) ఆయన మొదటిసారి తలెత్తి నన్ను చూసి, దుకాణంలో అందరికీ వినబడేలా, “అయితే ఏదో ఒక దారిలో కొండెక్కి స్వామికే చెప్పుకోండి సార్, మీ డబ్బులు ఆయనే వాపసిస్తాడు” అన్నారు.

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళ చేతుల్లో కూడా అదే పసుపు అట్ట ఉంది.

నిజం చెప్పాలంటే 2,800 పోయినందుకు నాకు అంత బాధ లేదు. ఆ మాటకు తిరిగి ఏమనాలో తోచక, పుస్తకం చంకలో పెట్టుకుని, “సరే బాబూ” అని మెట్లు దిగి వచ్చేశాను చూడండి, అది నిన్న రాత్రంతా గుచ్చుతూనే ఉంది. ‘సరే’ ఎందుకన్నానో నాకే తెలియదు. స్కూటర్ దగ్గరికి వచ్చాక మంచి జవాబులు ఒక అరడజను తోచాయి. డబ్బు వాపసు సంగతి కూడా అడిగాను లెండి. పెన్‌డ్రైవ్ సీలు తీశారు కాబట్టి కుదరదన్నారు. సీలు తీయకుండా తప్పులు ఎలా తెలుస్తాయో ఏ గ్రాఫులోనూ లేదు.

కొనాలనుకునేవాళ్ళు ఒక పని చేయండి. చక్రీయ ప్రక్రియ లెక్క ఒకటి, సెల్సియస్‌లో ఉష్ణోగ్రత ఇచ్చిన లెక్క ఒకటి అక్కడే తెరిపించి చూడండి, తెరవనివ్వకపోతే వచ్చేయండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామని కూర్చుంటే, నా దగ్గర తెల్లకాగితం మీద పెన్నుతో రాసిచ్చిన 2,800 అన్న అంకె, ఫోన్‌లో డబ్బు పంపిన గుర్తు తప్ప ఇంకేమీ లేవని అప్పుడు తెలిసింది. వాటితోనే ఫిర్యాదు చేయబోతున్నాను.

తప్పులున్న పేజీలన్నీ ఫొటోలు తీసి, పక్కన సరైన జవాబులు రాసి, నిన్న రాత్రే ఆయనకు వాట్సాప్‌లో పంపాను. రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఈరోజు మధ్యాహ్నం మాత్రం ఆయన స్టేటస్‌లో ‘సరిదిద్దిన కొత్త ఎడిషన్, 3,200 మాత్రమే’ అని ప్రకటన వచ్చింది. నమూనాగా పెట్టిన పేజీలో జవాబు 600 అని ఉంది.