హాన్ పచ్చ జాడీయా, తాంగ్ మూడు రంగుల కూజాయా?

చైనా పాతకాలపు పూత మట్టిపాత్రల్లో రెండు రకాలకి పేరెక్కువ: హాన్ కాలపు (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) ఆకుపచ్చ పూతవి, తాంగ్ కాలపు (618–907) మూడు రంగులవి. ఈ మూడు రంగుల వాటినే సాన్‌ట్సాయ్ అంటారు.

రెండింటి పూతకీ ఆధారం సీసమే, తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి. దానికి రాగి కలిపితే పచ్చ వస్తుంది. హాన్ కుమ్మరులు ఎక్కువగా ఆ పచ్చతోనే సరిపెట్టుకున్నారు. తాంగ్ వాళ్లు ఇనుముతో తేనె రంగు తెచ్చారు, కొన్నిటికి కోబాల్టుతో నీలం కూడా. మట్టిలోనూ తేడా ఉంది. హాన్ జాడీది సాధారణంగా ఎర్రమట్టి, అందుకే పచ్చ ముదురుగా కనిపిస్తుంది. సాన్‌ట్సాయ్‌ది తెల్లటి మట్టి. ముందొకసారి కాల్చి, పూత వేసి, ఇంకాస్త తక్కువ వేడిలో మళ్లీ కాల్చేవారు. రంగులు ఒకదాన్లోకి ఒకటి జారి, అడుగుకి కాస్త పైనే ఆగిపోతాయి.

హాన్ జాడీని దగ్గర్నుంచి చూడాలి. కొన్నిటికి పూతబొట్లు మూతి అంచున గడ్డకట్టి ఉంటాయి, అంటే బోర్లించి కాల్చారన్నమాట! వందల ఏళ్లు మట్టిలో ఉండటంతో పచ్చ మీద వెండి మెరుపు కూడా పడుతుంది. ఆ పనితనం కుమ్మరిది కాదు, సమాధిలోని తేమది. నా ఓటు హాన్ జాడీకే. సాన్‌ట్సాయ్ గుర్రాలు, ఒంటెలు ఎంత పేరుపడ్డా, నాకు ముస్తాబు కాస్త ఎక్కువైనట్టే ఉంటుంది.

రెండూ ప్రధానంగా సమాధుల్లో పెట్టడానికి చేసినవే. ఇప్పుడు నకలు కొనాలంటే సాన్‌ట్సాయ్‌ని చైనా నగరం లుయోయాంగ్‌లో నేటికీ చేస్తున్నారు. ఏది కొన్నా షోకేసుకే పరిమితం చేయండి. సీసం పూతకి పులుపు తగిలితే విషం తిండిలోకి దిగుతుంది.