రైతులు కలిస్తే ఏది మేలు: మ్యాక్స్ సొసైటీయా, ప్రొడ్యూసర్ కంపెనీయా?

మిర్చి రైతులు నలుగురు కూడిన చోట ఈమధ్య ఇదే ప్రశ్న: "కంపెనీ పెడదామా అన్నా, సొసైటీ పెడదామా?" మా ఊళ్లోనూ ఇదే చర్చ వారాల తరబడి నడిచింది. చివరికి మేం 1995 చట్టం కింద పెట్టుకునే మ్యాక్స్ సొసైటీకే, అంటే పరస్పర సహాయ సహకార సంఘానికే మొగ్గాం.

కంపెనీ అనగానే ఎవడో సేటు వచ్చి కొనేస్తాడని చాలామందికి భయం. ఆ భయం అక్కర్లేదు. 2002లో కంపెనీల చట్టంలోకి వచ్చిన ప్రొడ్యూసర్ కంపెనీలో సభ్యులంతా రైతులే అయితే ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు, షేరు బయటి వ్యాపారికి అమ్మడం కుదరదు. పెత్తనం రైతు చేతిలోనే ఉంటుంది, అందులో రెండూ ఒకటే.

నన్ను ఆపింది కాగితాల పని. కంపెనీ ఏటా బ్యాలెన్స్ షీటు, వార్షిక రిటర్ను ఆర్‌ఓసీకి, అంటే కంపెనీల రిజిస్ట్రార్‌కి వేయాలి. గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, అంటే రెండు ఫారాలు ఏడాది ఆగితే 73,000. వరుసగా మూడేళ్లు లెక్కలు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ ఆ పదవికి పనికిరారు, 2017లో దేశంలో లక్షలమంది ఇలాగే అనర్హులయ్యారు. కంపెనీ పెట్టించిన ప్రాజెక్టు నుంచి డబ్బు వచ్చే మొదటి మూడేళ్లు ఎవరో ఒకరు ఇవన్నీ చూసిపెడతారు, ఆ తర్వాత నోటీసు వచ్చేది తోటలో కాయ కోయిస్తున్న రైతు పేరు మీద. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

మ్యాక్స్‌లోనూ ఆడిట్ ఉంది, ఎన్నికలు టైముకి పెట్టుకోవాలి. కానీ పని జిల్లాలోనే అవుతుంది, ప్రభుత్వ వాటా ఉండదు కాబట్టి పైనుంచి పెత్తనమూ ఉండదు. ములుకనూరు మహిళా డెయిరీ ఈ చట్టం కిందే నడుస్తూ, ప్రైవేటు డెయిరీల పోటీలో స్వకృషి పాలతో నిలబడింది.

పక్క రాష్ట్రం రైతుల్ని కూడా సభ్యులుగా కలుపుకోవాలన్నా, సీఈఓకి, ఆడిటర్‌కి ఏళ్ల తరబడి ఇచ్చుకోగల వ్యాపారం ఉన్నా కంపెనీకే వెళ్లండి. 1964 చట్టం కింద నడిచే పాత సహకార సొసైటీ గురించి పెద్దగా చెప్పను, ఎన్నికలు వాయిదా వేసి పాలకవర్గం బదులు ప్రభుత్వం పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టడం ఎన్నిసార్లు చూశామో అందరికీ తెలుసు.

మేమైతే, ప్రాజెక్టు డబ్బు ఆగాక కంపెనీకి నాలుగో ఏడాది అయ్యే ఖర్చుకు క్వింటాకు ఎంత పట్టుకోవాలో బోర్డు మీద రాసి చూసుకున్నాం. మా అరవై మంది సరుకుతో కంపెనీ ఖర్చు గిట్టుబాటు కాలేదు.