ఉర్నెస్ చెక్క చర్చి: పడవ దాటి వెళ్లాల్సిందే

నార్వే ఫియోర్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) వైపు వెళ్లే మనవాళ్లు చాలామంది బోర్గుండ్ చర్చి ముందు ఫోటో దిగి, చెక్క చర్చి చూసేశాం అనుకుని వచ్చేస్తారు. అది పెద్ద రోడ్డుకు దగ్గర్లో ఉంటుంది, దారిలో ఆగి చూడటం తేలిక. కానీ చెక్కడాలు చూడాలన్న కోరిక ఉంటే ఉర్నెస్ వెళ్లండి. ఒక పూట ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

సోల్వోర్న్ అనే చిన్న ఊళ్లో కారు వదిలి పడవెక్కితే సుమారు 20 నిమిషాల్లో అవతలి ఒడ్డు. అక్కడి నుంచి కిలోమీటరు దాకా ఎక్కుడు దారి. మా మామగారికి మోకాళ్ల నొప్పులు, మా ఆవిడకు ఆయన గురించి టెన్షన్. సగం దారిలో ఆయన "మీరు వెళ్లి రండి, నేనిక్కడే కూర్చుంటాను" అన్నారు. రాజమండ్రిలో టింబర్ డిపో నడిపిన మనిషికి ఈ చెక్క చూపించకుండా తీసుకెళ్లిపోవడానికి నాకు మనసొప్పలేదు. ఆగుతూ ఆగుతూ ఎక్కించాం.

ఇప్పుడున్న చర్చిని 1130ల్లో కట్టారు. ఉత్తరపు గోడలో ఉన్న ద్వారం అంతకంటే పాతది, సుమారు 1070 నాటిది. అంతకుముందు ఉన్న చర్చిలోంచి తీసి ఇందులో అమర్చారు. వైకింగుల (పాతకాలపు స్కాండినేవియా సముద్రయోధుల) జంతు శిల్పంలో చివరి దశకు 'ఉర్నెస్ శైలి' అనే పేరు వచ్చింది దీనివల్లే. ద్వారం ఒక మనిషి పట్టేంత సన్నం. దాని చుట్టూ పలకల నిండా పాముల్లాంటి సన్నటి ప్రాణులు ఒకదాన్నొకటి పెనవేసుకుని పైకి పాకుతుంటాయి. ఎడమవైపు నాలుగు కాళ్ల జంతువొకటి పామును కొరుకుతుంటే, పాము దాన్ని తిరిగి కరుస్తోంది. అది సింహమనీ, క్రీస్తు చెడుతో చేసే పోరాటమనీ కొందరంటారు. కొందరికి అందులో పాత నార్స్ (క్రైస్తవానికి ముందటి స్కాండినేవియా) కథల్లోని లోకాంతం కనిపిస్తుంది. నన్ను కట్టిపడేసింది ఆ గీత. ఒక్కో ఒళ్లు తోక దగ్గర దారంలా మొదలై, మెలి తిరుగుతూ లావై, మళ్లీ సన్నబడుతుంది. కంటితో వెంబడిస్తే రెండు మలుపులు దాటేసరికి ఏది ఎవరి ఒళ్లో తెలియదు.

మామగారు కళ్లజోడు తుడుచుకుని దగ్గరగా నిలబడ్డారు. "ఇది పైన అతికించింది కాదు అల్లుడుగారూ. దళసరి పలక తీసుకుని, బొమ్మ మాత్రం మిగిలేలా చుట్టూ తొలిచేశారు. ఒక్కచోట ఉలి జారితే పలక మొత్తం పోయినట్టే" అన్నారు. ఆ తర్వాత మోకాళ్ల మాట ఎత్తలేదు.

లోపలికి గైడుతో వెళ్లాం. రాతి చర్చిల్లో ఉండే గుండ్రటి తోరణాలు, స్తంభాల మీది ఘనాకారపు తలకట్లు ఇక్కడ అచ్చంగా చెక్కలో చేశారు. తలకట్ల మీద మళ్లీ జంతువులు. అంతకుముందు కాలంలో స్తంభాలు నేలలో పాతేవాళ్లు, తేమకు అవి కుళ్లిపోయేవి. తర్వాత రాళ్ల మీద దూలాలు పరిచి, వాటి మీద స్తంభాలు నిలపడం మొదలుపెట్టారు. గోడ పలకలు నిలువుగా గాడిలో దిగుతాయి. దానికి తోడు పైన్ చెక్క నుంచి తీసిన తారు పూత. ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే ఆ జాగ్రత్త వల్లే.

ఇంత సంతోషంగా తిరిగొచ్చిన మాకు బస మాత్రం చేదు మిగిల్చింది. ఫియోర్డు ఒడ్డున చెక్క క్యాబిన్ 1,150 క్రోనర్లకు బుక్ చేశాం. క్రోనర్ మన డబ్బుల్లో 8 రూపాయల పైమాటే. తాళాలిచ్చేటప్పుడు దుప్పట్లు, తువ్వాళ్లకు మనిషికి 140 అన్నారు, ముగ్గురికి 420. స్నానానికి 10 క్రోనర్ల నాణెం వేస్తే 5 నిమిషాలు వేడినీళ్లు. వెళ్లేటప్పుడు శుభ్రం చేసి ఇవ్వాలి, లేదంటే ఇంకో 500. మా ఆవిడ పొద్దున్నే లేచి నేల తుడిచి, గిన్నెలు కడిగి, చెత్త బయట పెట్టింది. యజమాని వచ్చి పొయ్యి వెనకాల మరక చూపించి ఆ 500 కూడా వసూలు చేశాడు. నాణేలు పక్కనపెట్టినా మొత్తం 2,070. ఆ డబ్బుకు మామూలు హోటల్ గది, ఉదయం టిఫిను దొరికేవి. ఆమె మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు, కోపం న్యాయమైనదే. నార్వేలో క్యాబిన్ తీసుకుంటే దుప్పట్లు, శుభ్రం చేసే ఖర్చు అద్దెలో కలిసే ఉన్నాయా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

బోర్గుండ్ మర్నాడు చూశాం. 1180 ప్రాంతం నాటిది. అంతస్తులు అంతస్తులుగా పైకి లేచే కప్పులు, కప్పుల శిఖరాల కొసల్లో డ్రాగన్ తలలు, గోడల మీద రూనిక్ (పాత ఉత్తర ఐరోపా లిపి) రాతలు. బయటి నుంచి చూడటానికి దీన్ని మించింది లేదు. లోపల బాగా చీకటి, కిటికీలంటే పైనున్న చిన్న రంధ్రాలే. ఒక్కటే చూసే వీలుంటే నేను ఉర్నెస్‌కే ఓటేస్తాను.

వేసవిలోనే వెళ్లాలి, చలికాలం మూసేస్తారు. పెద్దవాళ్లు వెంట ఉంటే పొద్దున మొదటి పడవ పట్టుకోండి. గైడు ఉత్తర ద్వారం దగ్గర ఆగేది కాసేపే. టూర్ మొదలయ్యే లోపు అక్కడ ఓ అరగంట మీ అంతట మీరు నిలబడి చూడొచ్చు.