రాగి జాలీ కొంటున్నారా? అయస్కాంతం పెట్టి చూడకుండా డబ్బు కట్టకండి

విజయవాడలో కిటికీలకు రాగి జాలీ వేయించాలనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

కృష్ణలంకలో అమ్మ ఉండే ఇంట్లో వంటగది కిటికీకి నైలాన్ జాలీ వేస్తే ఎలుకలు కొరికేశాయి, ఇనుపది వేస్తే తుప్పు పట్టింది. రాగిదైతే మళ్లీ మార్చే పని ఉండదని వన్‌టౌన్‌లో ఒక షాపులో, ఇనుప జాలీకి నాలుగింతల రేటు పెట్టి కొన్నాను. ఎర్రగా మెరుస్తుంటే అనుమానమే రాలేదు. ఒక్క వానాకాలం గడిచేసరికి కిటికీ కింద గోడంతా తుప్పు చారలు. మూలల్లో తీగలు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలిపోయాయి.

రాగి అలా రాలదు. ముందు గోధుమరంగుకు తిరుగుతుంది, ఏళ్లు గడిస్తే పచ్చగా చిలుము పడుతుంది. పాత స్పీకర్‌లోని అయస్కాంతం తెచ్చి పెడితే జాలీ టక్కున అతుక్కుంది. తీగ కత్తిరించి చూస్తే లోపలంతా ఇనుము, పైన పల్చగా రాగి పూత. పూత గీసుకుపోయిన చోట తడి తగిలితే, రాగిని ఆనుకుని ఉన్న ఇనుము మామూలు కంటే త్వరగా తుప్పు పడుతుంది. అందుకే ఒక్క ఏడాది కూడా ఆగలేదు.

షాపుకు వెళ్లి అడిగితే, "ఇది ఫాస్ఫర్ బ్రాంజ్ అండీ, మిక్స్ మెటల్, అయస్కాంతం పడుతుంది" అన్నారు. పచ్చి అబద్ధం. ఫాస్ఫర్ బ్రాంజ్ అంటే రాగిలో తగరం, కొద్దిగా ఫాస్ఫరస్ కలిపింది. అదీ అతుక్కోదు, రాగీ అతుక్కోదు. బిల్లు తీస్తే అందులో 'వైర్ మెష్' అని మాత్రమే ఉంది. ఇక గట్టిగా అడగడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది.

చేత్తో బరువు చూసి కనిపెట్టడం కష్టం. ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.87 గ్రాములు, రాగిది 8.96, పెద్ద తేడా లేదు. అయస్కాంతం అతుక్కోలేదని కూడా ధీమా వద్దు, లోపల అల్యూమినియం ఉన్నా అతుక్కోదు. ఒక తీగ కత్తిరించి, కోసిన చోట లోపలిదాకా ఎర్రగా ఉందో లేదో చూడండి. పసుపుగా ఉంటే ఇత్తడి. అది రాగికంటే గట్టిది, కిటికీలకు బాగానే పనికొస్తుంది, కానీ రాగి రేటు ఇవ్వకండి. పశువుల కొట్టం దగ్గర మాత్రం ఇత్తడి వద్దు, పశువుల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తగిలి పగుళ్లిస్తుంది. బిల్లులో లోహం పేరు, తీగ మందం, అంగుళానికి జాలీ కళ్లు (రంధ్రాలు) ఎన్నో రాయించుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. కత్తిరించిన ముక్కలు, ఫొటోలు దాచి ఉంచాను. ఈమధ్యే కొన్నవాళ్లు ఈరోజే అయస్కాంతం పెట్టి చూసుకోండి, వానలు మొదలవకముందే వెనక్కి ఇచ్చేయొచ్చు.